చికిత్స ఆలస్యమైతే సైకోసిస్ రోగికి జరిగే నష్టం ఎంత? లెక్కగట్టే మోడలింగ్‌కి సమగ్ర మార్గదర్శి

ఎవరూ లేకపోయినా చెవిలో మాటలు వినిపించడం, చుట్టుపక్కలవాళ్లు తన మీద కుట్ర పన్నుతున్నారని గట్టిగా నమ్మడం వంటి సైకోసిస్ లక్షణాలు మొదలైన రోజుకీ, సరైన చికిత్స మొదలైన రోజుకీ మధ్య గడిచిన కాలాన్ని డీయూపీ (డ్యూరేషన్ ఆఫ్ అన్‌ట్రీటెడ్ సైకోసిస్) అంటారు. కొందరికి ఇది రెండు మూడు వారాలు. కొందరికి ఏళ్లు. ఏడాది దాటి చికిత్స లేకుండా ఉన్నవాళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెడుతోందని లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ అధ్యయనం 1986లోనే చెప్పింది. 2005లో మార్షల్ బృందం 26 అధ్యయనాల్లోని 4,490 మంది సమాచారాన్ని కలిపి చూసి, డీయూపీ పెరిగేకొద్దీ ఫలితాలు చెడుతున్నాయని తేల్చింది.

కాబట్టి సంబంధం ఉందా అన్నది ఇప్పుడు పెద్ద ప్రశ్న కాదు. ఆలస్యమే ఆ నష్టానికి కారణమా, కారణమైతే ఎంత, ఏ వారాల్లో పోయినది ఎక్కువ? కష్టమైన ప్రశ్నలు ఇవి. ఎండీ సైకియాట్రీ థీసిస్ రాస్తున్నవాళ్లనూ, స్టాటిస్టిక్స్ చదివి ఆరోగ్య డేటా మీద పనిచేస్తున్నవాళ్లనూ మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. రిగ్రెషన్ అంటే ఏమిటో మీకు తెలుసనే అనుకుంటున్నాను. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. సాఫ్ట్‌వేర్ తెరవకముందే కాలాన్ని ఎక్కణ్ణుంచి లెక్కపెడుతున్నారో తేల్చుకోకపోతే, తర్వాత ఎంత ఘనమైన మోడల్ వేసినా వచ్చే జవాబును నమ్మలేం.

మొదటి అడుగు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయడం

"డీయూపీకీ ఫలితానికీ సంబంధం" అని రాస్తే అది ప్రశ్న కాదు. దాని వెనక మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఇవాళ ఓపీకి వచ్చిన ఈ రోగి ఏడాది తర్వాత ఎలా ఉంటాడో ముందే చెప్పగలమా అన్నది అంచనా ప్రశ్న. ఇదే మనిషి ఆరు నెలలు ముందు వచ్చి ఉంటే ఇంతకంటే బాగుండేవాడా అన్నది కారణం ప్రశ్న. ఫలానా చికిత్స త్వరగా వచ్చినవాళ్లకు ఎక్కువ పనిచేస్తుందా అన్నది మూడోది.

ఈ మూడింటికీ కావాల్సిన మోడల్ ఒకటి కాదు. అంచనాకైతే పనికొచ్చే వేరియబుల్స్ అన్నీ వేసుకోవచ్చు. కారణం ప్రశ్నకు అలా వేస్తే కొన్ని వేరియబుల్స్ జవాబునే చెరిపేస్తాయి. మూడోదానికి అమెరికాలో జరిగిన రైజ్ ట్రయల్ మంచి ఉదాహరణ. 34 కేంద్రాల్లో 404 మంది పాల్గొన్నారు. మందులు, కుటుంబానికి అవగాహన, చదువుకీ ఉద్యోగానికీ సాయం అన్నీ కలిపిన నావిగేట్ అనే చికిత్స మామూలు వైద్యం కంటే మేలనిపించింది. ఆ మేలు డీయూపీ 74 వారాల లోపు ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించింది. కానీ అక్కడ యాదృచ్ఛికంగా పంచింది చికిత్సను, డీయూపీని కాదు. అందుకే ఆ ఫలితాన్ని "డీయూపీ తగ్గిస్తే మేలు" అని చదవకూడదు. "ఈ చికిత్స ఎవరికి బాగా పనిచేసింది" అన్నంతవరకే చదవాలి.

రెండో అడుగు: డీయూపీని కొలవడం

డేటా నాణ్యత అంతా ఇక్కడే తేలిపోతుంది. ఇంటర్వ్యూలో తొందరపడితే తర్వాత ఏ మోడలూ దాన్ని సరిచేయలేదు.

మొదలు ఎప్పుడో ముందు నిర్వచించండి. నార్వే, డెన్మార్క్‌లలో జరిగిన టిప్స్ అధ్యయనం సైకోసిస్ లక్షణాల తీవ్రతకు ఒక్కో అంశంలో 1 నుంచి 7 వరకు స్కోరు ఇచ్చే పాన్స్ స్కేలును వాడింది. భ్రమలు, భ్రాంతులు, అనుమానం వంటి ఎంచిన అంశాల్లో ఏదో ఒకదానిలో 4 లేదా అంతకంటే ఎక్కువ స్కోరు కనీసం వారం పాటు ఉంటే, అది మొదలైన రోజును సైకోసిస్ ప్రారంభంగా తీసుకుంది. అంతకుముందు నెలల తరబడి మనిషి ముభావంగా మారడం, కాలేజీ మానేయడం, స్నానం చేయకపోవడం ఉండొచ్చు. అది ముందస్తు దశ. దాన్ని డీయూపీలో కలపకండి, కానీ వేరే తేదీగా తప్పకుండా రాసుకోండి. తర్వాత మోడల్‌లో అది చాలా పనికొస్తుంది.

"ఎప్పుడు మొదలైంది?" అని సూటిగా అడిగితే ఇంట్లోవాళ్లు "ఓ ఆరు నెలలైంది", "ఏడాదైంది" అంటారు. అందుకే డేటాలో 3, 6, 12, 24 నెలల దగ్గర కుప్పలు కనిపిస్తాయి. మన ఊళ్లలో తేదీలకంటే పండగలూ పంటలే బాగా గుర్తుంటాయి. "అమ్మా, పోయిన సంక్రాంతికి బాబు అందరితో కూర్చుని భోంచేశాడా? నాట్లు వేసేటప్పటికి పొలానికి వచ్చేవాడా? ఇంటర్ పరీక్షలు రాసినప్పుడు తనలో తాను మాట్లాడుకోవడం ఉందా?" అని ఒక్కో గుర్తు మీదుగా వెనక్కి వెళ్లండి. చివరికి ఒకే తేదీ కాకుండా రెండు తేదీలు రాసుకోండి: "అప్పటికి కచ్చితంగా లేదు", "అప్పటికి కచ్చితంగా ఉంది". మీకు తెలిసింది నిజానికి ఆ రెండింటి మధ్య విరామమే. ఈ పని కోసం తయారైన నాటింగ్‌హామ్ ఆన్‌సెట్ షెడ్యూల్ లాంటి పద్ధతులున్నాయి. వాటి క్రమాన్ని తీసుకుని, గుర్తులు మాత్రం మన పండగలూ పనులూ పెట్టుకోవచ్చు.

ముగింపు తేదీ కూడా తేలిక కాదు. గాలి సోకిందని గుడికో దర్గాకో తీసుకెళ్లిన రోజు, ఆర్‌ఎంపీ డాక్టరు నిద్రమాత్ర ఇచ్చిన రోజు, సైకియాట్రిస్టు మందు రాసిన రోజు, ఆ మందు నెల పాటు సరిగా వేసుకున్న రోజు అన్నీ వేరు. డీయూపీ ముగింపుకి యాంటీసైకోటిక్ మందు సరిపడా మోతాదులో మొదలైన రోజే నయం. మిగతావి కూడా రాసుకోండి, ఎందుకంటే ఆలస్యం ఎక్కడ జరిగిందో అవే చెబుతాయి. ఇంగ్లండ్‌లో 2016 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం ప్రకారం సగానికి పైగా రోగులకు రెఫరల్ వచ్చిన రెండు వారాల్లో చికిత్స మొదలు కావాలి. ఆ గడియారం రెఫరల్ దగ్గర మొదలవుతుంది. ఇంట్లో గడిచిపోయిన నెలలు అందులో కనిపించవు. మీ డేటాలో రెండు భాగాలూ విడివిడిగా ఉండాలి.

ఇరవై కేసులనైనా ఇద్దరు విడివిడిగా అంచనా వేసి, లాగ్ స్కేలు మీద ఐసీసీ (ఇద్దరి అంచనాలు ఎంతవరకు కలుస్తున్నాయో చెప్పే అంకె) చూడండి. మామూలు స్కేలు మీద చూస్తే పదేళ్ల డీయూపీ ఉన్న ఒక్క రోగి వల్ల అంకె గొప్పగా కనిపిస్తుంది.

మూడో అడుగు: తోక పొడవైన పంపిణీ

రైజ్ ట్రయల్‌లో డీయూపీ మీడియన్ 74 వారాలు, సగటు మాత్రం 193 వారాలకు పైన. కొద్దిమంది పొడవైన ఆలస్యం సగటును అంత దూరం లాగేసింది. అందుకే మీడియన్, క్వార్టైల్స్ రాయండి. సగటు ఒక్కటే రాస్తే చదివేవాళ్లకు తప్పు బొమ్మ పడుతుంది.

మోడల్‌లో వేసేటప్పుడు 2 ఆధారంగా లాగ్ తీసుకోండి. అప్పుడు గుణకాన్ని "డీయూపీ రెట్టింపైతే ఇంత" అని నేరుగా చదవొచ్చు. ఉదాహరణకు ఏడాది తర్వాత పాన్స్ మీద గుణకం 1.5 వచ్చిందనుకుందాం. 4 వారాల నుంచి 8 వారాలకు పెరిగినా 1.5 పాయింట్లే, 52 నుంచి 104 వారాలకు పెరిగినా 1.5 పాయింట్లే. అంటే మొదటిచోట ఆ నష్టం నాలుగు వారాల్లో జరిగితే, రెండోచోట ఏడాది పట్టింది. తొలి వారాలే విలువైనవని చెప్పే మోడల్ ఇది. ఇంగ్లండ్‌లోని రెండు కోహోర్టుల (కొంతకాలం వెంబడించి గమనించిన రోగుల గుంపుల) డేటాతో 2020లో వచ్చిన విశ్లేషణలో కూడా సంబంధం సరళరేఖగా లేదు, మొదట్లో నిటారుగా ఉండి తర్వాత చదునవుతోంది.

అయితే లాగ్ వేసినప్పుడే ఆ ఆకారాన్ని మీరు సగం నిర్ణయించేశారు. అందుకే పక్కనే డేటాను బట్టి వంగే గీతనిచ్చే రిస్ట్రిక్టెడ్ క్యూబిక్ స్ప్లైన్‌తో, మూడు నాలుగు నాట్స్ (గీత ముక్కలు కలిసే బిందువులు) పెట్టి ఇంకో మోడల్ వేయండి. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌ఎంఎస్ ప్యాకేజీ దీనికి చాలు. రెండు గీతలూ కలిసి నడిస్తే లాగ్ సరిపోయింది. "మూడు నెలల లోపు, పైన" అని రెండు ముక్కలు మాత్రం చేయకండి. 11 వారాల రోగినీ 14 వారాల రోగినీ వేరు జాతులుగా, 14 వారాల రోగినీ ఆరేళ్ల రోగినీ ఒకే జాతిగా చూసే పద్ధతి అది. సున్నా రోజుల డీయూపీ ఉన్నవాళ్ల కోసం 1 కలిపి లాగ్ తీసుకుంటే, ఆ 1 అంటే ఒక రోజా, ఒక వారమా, ఒక నెలా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. రోజుల్లో పెట్టుకుని, మార్చి చూసి, ఏది వాడారో రాయండి.

నాలుగో అడుగు: గడియారం ఎక్కడ మొదలవుతుంది?

ఇది కాస్త నిదానంగా చదవండి. ఈ విషయంలో జరిగే అతి పెద్ద పొరపాటు ఇక్కడే ఉంది.

ఇద్దరికి ఒకే రోజు జబ్బు మొదలైందనుకోండి. జబ్బు ముదిరేకొద్దీ పనిచేసే సామర్థ్యం 60 పాయింట్ల నుంచి ఏడాదికి 10 చొప్పున తగ్గుతూ, రెండేళ్లకు 40కి చేరి అక్కడే ఆగిపోతుందనుకుందాం. ఇంకా ఒక మాట: చికిత్స ముందు ఇచ్చినా ఆలస్యంగా ఇచ్చినా ఈ గీత ఏమీ మారదని కూడా అనుకుందాం. ఇవన్నీ నేను లెక్క కోసం ఊహించిన అంకెలు. మొదటి వ్యక్తి 4 వారాలకు ఆసుపత్రికి వచ్చాడు, స్కోరు 59.2. రెండో వ్యక్తి ఏడాదికి వచ్చాడు, స్కోరు 50. చికిత్స మొదలైన ఏడాది తర్వాత చూస్తే మొదటివాడు 49.2, రెండోవాడు 40. తొమ్మిది పాయింట్ల తేడా! రిగ్రెషన్ వేస్తే డీయూపీ గుణకం దివ్యంగా వస్తుంది, పీ విలువ కూడా చిన్నదే వస్తుంది. కానీ ఆలస్యం వల్ల ఇక్కడ పోయింది ఏమీ లేదు. మొదటివాణ్ణి జబ్బు మొదలైన పదమూడో నెలలో, రెండోవాణ్ణి ఇరవైనాలుగో నెలలో చూసి పోల్చాం, అంతే. దీన్నే లీడ్ టైమ్ పక్షపాతం అంటారు.

ఇది ఊహకే పరిమితం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని సఫక్ కౌంటీలో మొదటిసారి ఆసుపత్రిలో చేరిన స్కిజోఫ్రీనియా రోగులు 287 మందిని రెండు దశాబ్దాల పాటు గమనించారు. జబ్బుకు ముందు కాలం సమాచారం కూడా వాళ్ల దగ్గర ఉంది. 2020లో ప్రచురించిన విశ్లేషణలో డీయూపీ ఎక్కువ ఉన్నవాళ్లకు సామర్థ్యం ఎక్కువగా ఆసుపత్రిలో చేరకముందే పడిపోయిందనీ, తక్కువ ఉన్నవాళ్లకు చేరిన తర్వాత పడిపోయిందనీ కనిపించింది. లీడ్ టైమ్‌ను లెక్కలోకి తీసుకున్నాక డీయూపీ ప్రభావం నిలబడలేదు. దీంతో చర్చ ముగిసిపోలేదు. లక్షణాల తీవ్రత, చికిత్సకు స్పందన వంటి ఫలితాల్లో ఆలస్యం ప్రభావం నిజమేనని వాదించే పరిశోధకులున్నారు, వాళ్ల దగ్గర కూడా డేటా ఉంది. కానీ ఈ ప్రశ్నను దాటేసి ఇప్పుడు ఎవరూ డీయూపీ మోడల్ ప్రచురించకూడదని నా అభిప్రాయం.

మరి ఏం చేయాలి? "మూడు కాలాలనూ మోడల్‌లో వేసేద్దాం" అనిపిస్తుంది. కుదరదు. జబ్బు మొదలై గడిచిన కాలం అంటే డీయూపీ, చికిత్స మొదలై గడిచిన కాలం కలిపిన మొత్తమే. రెండు తెలిస్తే మూడోది తెలిసిపోతుంది. మూడింటినీ సరళరేఖల్లా వేస్తే సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని తీసి పక్కన పెడుతుంది. ఏది తీసేయాలో దానికి తెలియదు, మీకు తెలియాలి. బయటపడే దారులు కొన్నే. చికిత్సకు ముందు కాలానికి కూడా కొలతలు సంపాదించడం ఒకటి. స్కూలు, కాలేజీ, పని రికార్డుల నుంచి, జబ్బుకు ముందు మనిషి ఎలా సర్దుకుపోయేవాడో కొలిచే ప్రీమార్బిడ్ అడ్జస్ట్‌మెంట్ స్కేలు నుంచి వీటిని తీసుకోవచ్చు. అవి ఉంటే జబ్బు మొదలైన రోజును సున్నాగా పెట్టి, స్ప్లైన్‌తో సహజ గీతను గీసి, చికిత్స తేదీ దగ్గర ఆ గీత వంపు మారిందా అని చూడొచ్చు. అవి లేకపోతే కనీసం పొడవైన ఫాలో అప్ కావాలి. పై లెక్కలో చికిత్స మొదలైన మూడేళ్ల తర్వాత ఇద్దరూ 40 దగ్గరే ఉంటారు, తేడా మాయమవుతుంది. ఆలస్యం నిజంగా హాని చేసి ఉంటే తేడా మిగలాలి. ఏడాది ఫాలో అప్ ఒక్కటే ఉన్న డేటాతో ఈ రెండింటినీ విడదీయలేం.

నా మాట నమ్మక్కర్లేదు. ఆర్‌లో వెయ్యి మంది ఊహా రోగులను తయారుచేయండి. డీయూపీని లాగ్‌నార్మల్ నుంచి తీసుకోండి, పై గీతను అందరికీ ఇచ్చి కాస్త యాదృచ్ఛిక దోషం కలపండి, చికిత్స ప్రభావం సున్నా పెట్టండి. ఆ డేటా మీద మీరు వేయాలనుకుంటున్న మోడల్‌ను నడపండి. లేని ప్రభావాన్ని అది చూపిస్తే, అసలు డేటా మీద దాన్ని వాడకండి.

ఐదో అడుగు: దేన్ని సర్దుబాటు చేయాలి, దేన్ని వదలాలి

కాగితం మీద బాణాల బొమ్మ గీయండి. చిన్నప్పటి నుంచి సర్దుకుపోలేకపోవడం, జబ్బు నెమ్మదిగా పాకుతూ మొదలవడం, మొదలైన వయసు, ఆడా మగా, గంజాయి వాడకం, కుటుంబం అండ, ఆదాయం, ఆసుపత్రికి దూరం రాయండి. వీటిలో జబ్బు మొదలైన తీరు చాలా ముఖ్యం. ఒక్కసారిగా విరుచుకుపడే సైకోసిస్‌ని ఇంట్లోవాళ్లు రెండో రోజే గుర్తిస్తారు, అది బాగా కోలుకునే రకం కూడా. మెల్లగా ముదిరేది ఏళ్ల తరబడి ఎవరికీ కనిపించదు, దాని భవిష్యత్తు మొదటి నుంచీ బరువే. కాబట్టి ఆలస్యానికీ చెడు ఫలితానికీ రెంటికీ వెనక జబ్బు రకమే ఉండొచ్చు. దీన్ని కొలవకుండా డీయూపీని నిందించలేం.

ఆసుపత్రికి వచ్చిన రోజు పాన్స్ స్కోరు సంగతి వేరు. ఆలస్యం వల్ల లక్షణాలు ముదిరి, ఆ ముదురు వల్ల ఫలితం చెడితే, ఆ స్కోరు దారి మధ్యలో ఉన్నట్టు. మొత్తం ప్రభావం కావాలంటే దాన్ని సర్దుబాటు చేయకూడదు. అలవాటుగా అన్ని టేబుళ్లలోనూ దాన్ని వేసేస్తుంటారు, అందుకే చెబుతున్నాను.

అసలు ఆసుపత్రికే రానివాళ్లు డేటాలో ఉండరు. 1998లో ప్రచురితమైన చెన్నై సర్వేలో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఎన్నడూ చికిత్స అందలేదు. అంతమంది లేని నమూనా మీద వచ్చిన గుణకాన్ని "సైకోసిస్ ఉన్న అందరికీ" అని రాయడం సరికాదు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. కాబట్టి మన రెండు రాష్ట్రాల నుంచి జాగ్రత్తగా తీసిన చిన్న డేటాకు కూడా విలువ ఉంది.

ఆరో అడుగు: మోడల్ వేయడం

ఒక్కో రోగికి పలుసార్లు తీసిన స్కోర్లుంటే మిక్స్‌డ్ మోడల్ వేయండి. ఎల్‌ఎంఈ4 ప్యాకేజీలో ప్రతి రోగికీ వేరే ప్రారంభ స్థాయి, వేరే వాలు ఇవ్వండి. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, కాబట్టి కాలాన్ని కూడా స్ప్లైన్‌గా పెట్టండి. డీయూపీ, కాలం కలిసిన ఇంటరాక్షన్ పదం కోలుకునే వేగం గురించి చెబుతుంది. డీయూపీ ఒంటరి పదం ప్రారంభ స్థాయి గురించి మాత్రమే చెబుతుంది. ఈ రెండూ వేరని థీసిస్‌లో స్పష్టంగా రాయండి.

ఎన్నాళ్లకు నయమైంది అన్నది ఫలితమైతే కాక్స్ మోడల్ కావాలి. 2005 నాటి రెమిషన్ (లక్షణాలు సద్దుమణగడం) ప్రమాణాల ప్రకారం ఎంచిన 8 పాన్స్ అంశాలూ 3 లేదా అంతకంటే తక్కువగా ఆరు నెలలు ఉండాలి. ఆరు నెలలు నిండిన రోజును రాస్తున్నారా, తగ్గిన మొదటి రోజునా, అందరికీ ఒకేలా పాటించండి. జబ్బు మొదలైన రోజు నుంచి లెక్కపెడితే, ఆసుపత్రికి వచ్చేదాకా ఆ రోగి మీ కంటికి కనిపించలేదు కాబట్టి ప్రవేశ సమయం కూడా ఇవ్వాలి. సర్వైవల్ ప్యాకేజీలో ప్రవేశం, నిష్క్రమణ, సంఘటన అని మూడూ ఇచ్చే వీలుంది. లేకపోతే డీయూపీ కాలమంతా "నయం కాకుండా ఉన్న కాలం"గా లెక్కలో పడి అబద్ధపు ప్రభావం పుడుతుంది.

శాంపిల్ ఎంత? దీర్ఘకాల ఫలితాలతో డీయూపీకి కనిపించిన కొరిలేషన్లు చిన్నవి, 0.2 లోపే ఎక్కువ. 80 శాతం పవర్‌తో 0.2ని పట్టుకోవాలంటే సుమారు 194 మంది కావాలి, 0.3కైతే 85 మంది చాలు. అరవై మందితో "సంబంధం లేదు" అని తేల్చేయడం రోగులకు చేసే అన్యాయమే. అంత శాంపిల్ దొరకకపోతే విశ్వాస అంతరాన్ని (కాన్ఫిడెన్స్ ఇంటర్వల్) రాసి, ఎంత ప్రభావం వరకు తోసిపుచ్చలేమో చెప్పండి.

ఫాలో అప్‌కి రానివాళ్లను వదిలేయకండి. మానేసినవాళ్లలో బాగా దెబ్బతిన్నవాళ్లు ఉండొచ్చు. మైస్ ప్యాకేజీతో మల్టిపుల్ ఇంప్యుటేషన్ (లేని విలువలను పలుసార్లు అంచనా వేసి నింపడం) చేసి, తర్వాత "రానివాళ్ల స్కోరు ఊహించినదానికంటే 5 పాయింట్లు చెడ్డగా ఉంటే?" అని మార్చి చూడండి. మొదట్లో రాసుకున్న రెండు తేదీలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఆ విరామంలోంచి యాదృచ్ఛికంగా తేదీలు తీసి, ఎన్నోసార్లు మోడల్ నడిపి కలిపితే, కొలతలోని అనిశ్చితి కూడా జవాబులో చేరుతుంది.

ఏడో అడుగు: ప్రకృతి చేసిన ప్రయోగాలు వెతకడం

ఎవరికీ కావాలని చికిత్స ఆలస్యం చేయలేం, చేయకూడదు. ఆలస్యాన్ని తగ్గించే ప్రయత్నం ఒక ప్రాంతంలో జరిగి, ఇంకో ప్రాంతంలో జరగకపోతే మాత్రం నేర్చుకోవచ్చు. ముందు చెప్పిన టిప్స్ అధ్యయనంలో భాగంగా నార్వేలోని రోగలాండ్‌లో 1997 నుంచి పత్రికలు, రేడియో, స్కూళ్ల ద్వారా ప్రచారం చేసి, ఫోన్ చేస్తే త్వరగా వచ్చి చూసే బృందాలు పెట్టారు. అక్కడ మీడియన్ డీయూపీ 26 వారాల నుంచి 5 వారాలకు తగ్గింది. అదే కాలంలో పోల్చిన ఓస్లో (నార్వే), రోస్కిల్డ్ (డెన్మార్క్) ప్రాంతాల్లో అది 16 వారాలు. పదేళ్ల తర్వాత పూర్తిగా కోలుకున్నవాళ్లు రోగలాండ్‌లో 30.7 శాతం, మిగతాచోట్ల 15.1 శాతం. ప్రచారం ఆపేశాక మీడియన్ మళ్లీ 15 వారాలకు పెరిగింది.

ఈ డిజైన్‌లో పోల్చేది ప్రాంతాలను, వ్యక్తుల డీయూపీని కాదు. అందువల్ల జబ్బు రకం వల్ల వచ్చే చిక్కు చాలావరకు తగ్గుతుంది. లీడ్ టైమ్ మాత్రం పూర్తిగా పోదు, కానీ పదేళ్ల దగ్గర కొన్ని వారాల లీడ్ టైమ్ పెద్ద లెక్క కాదు. ఇలాంటి అవకాశం మీ జిల్లాలో ఉందేమో చూడండి. ఒక మండలంలో ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి పక్క మండలంలో ఇంకా ఇవ్వకపోయినా, కొత్తగా నెలవారీ క్యాంపు మొదలైనా, ముందూ వెనకా వచ్చిన రోగుల డీయూపీని నమోదు చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు గురించి ఇంట్లోవాళ్లకు తెలుసా, ఎప్పుడు తెలిసింది అన్న ఒక్క ప్రశ్న ఫారంలో చేర్చినా విలువైన సమాచారమే.

ఫలితాలు రాసేటప్పుడు

గుణకాల టేబుల్‌తో ఆపకండి. 4, 12, 26, 52, 104 వారాల డీయూపీకి మోడల్ అంచనా వేసే స్కోర్లను విశ్వాస అంతరాలతో ఒక గ్రాఫ్‌లో పెట్టండి. లీడ్ టైమ్ సర్దుబాటుకు ముందు, తర్వాత వచ్చిన గీతలు పక్కపక్కన చూపించండి. రెండూ చాలా వేరుగా ఉంటే ఆ విషయం సారాంశంలోనే రాయాలి, చర్చ విభాగం చివర్లో దాచకూడదు.

ప్రభావం సున్నాకి దగ్గరగా వస్తే "ఆలస్యమైనా ఫర్వాలేదు" అని మాత్రం రాయకండి. చికిత్స లేని ఆ నెలల్లో ఆ అబ్బాయి చదువు ఆగిపోయింది, ఆ అమ్మాయిని గదిలో పెట్టి తాళం వేశారు, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పదేళ్ల తర్వాతి పాన్స్ స్కోరులో ఇవేవీ కనిపించవు. అందుకే డీయూపీ కాలంలోనే జరిగినవాటిని కూడా ఫలితాలుగా నమోదు చేయండి: చదువో పనో మానేసిన తేదీ, ఆత్మహత్యా ప్రయత్నాలు, కొట్టడం, కట్టేయడం, చేసిన అప్పు. వీటిని లెక్కపెట్టడానికి లీడ్ టైమ్ అడ్డం రాదు, ఎందుకంటే ఇవి జరిగింది ఆలస్యమైన ఆ కాలంలోనే.